వచ్చెళ్తా

మొదటి అక్షరం కొట్టిందో లేదో, మిగతా పేరంతా కంప్యూటరే రాసేసింది. రాసింది పెద్దదాని పేరు కాదు, చిన్నదానిది. అక్కచెల్లెళ్ళిద్దరికీ ఇంట్లో అవే పేర్లు, పెద్దది, చిన్నది. బళ్ళో వేసేటప్పుడు నాన్న ముచ్చటపడి ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు రెండు ఏరి పెట్టాడు గానీ, వాటితో ఇంట్లో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. ఇప్పుడీ ముసలి కంప్యూటరు ఆ ఒక్క అక్షరం పట్టుకుని, ఇదే కదూ నీకు కావలసింది అన్నట్టు, చిన్నదాని పేరూ పుట్టినరోజూ పాస్‌పోర్టు నంబరూ ఏ గడిలోది ఆ గడిలో గబగబా నింపి కూర్చుంది. పెద్దదాని గుండె గుభేలుమంది. అందులో భయపడాల్సిందేం లేదని తెలుసు. ఆరేళ్ళ కిందట ఇదే బల్ల ముందు, ఇదే కుర్చీలో ఒక కాలు మడిచి పైన పెట్టుకుని, చిన్నది ఇదే దేశానికి ఇదే పర్యాటక వీసా కోసం ఇదే దరఖాస్తు నింపింది. యంత్రం గుర్తుపెట్టుకుంది, అంతే. మర్చిపొమ్మని దానికి ఎవరూ చెప్పలేదు. అయినా ఆ అక్షరాలు ఒక్కొక్కటే చెరుపుతుంటే పెద్దదానికి వేలు బరువెక్కింది, ఏదో చెయ్యకూడని పని చాటుగా చేస్తున్నట్టు ఒకసారి వెనక్కి కూడా చూసుకుంది. వెనక ఎవరున్నారు? మధ్యాహ్నపు ఎండ నేల మీద నలుచదరంగా పడి ఉంది. లోపలి గదిలో అమ్మ బఠాణీలు ఒలుస్తోంది, ఒక్కో గింజా గిన్నెలో టిక్కుమని పడుతోంది. ఆ చప్పుడు అమ్మకి వినబడదు. ఈ దరఖాస్తు సంగతి చెవిన పడగానే చెవి మిషను తీసి కిటికీ గట్టు మీద పెట్టేసింది పొద్దున్నే.

దరఖాస్తుకి తెలుగు కూడా ఉంది. పైన మూల భాషల వరసలో తెలుగు కనబడగానే పెద్దది మురిసిపోయి నొక్కింది, ఇప్పుడు తల పట్టుకుంటోంది. ఆ తెలుగు ఏ మనిషీ రాసింది కాదు. దయచేసి మీ ముఖాన్ని కత్తిరించి జోడించండి. మీ వెనక నీడ ఉండరాదు. మీరు ఒంటరిగా ఉన్నారా, వివాహంగా ఉన్నారా. అదే చిన్నది పక్కనుంటే పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేది, వివాహంగా ఉండటమేంటే అక్కా, నువ్వు ఒంటరిగా ఉన్నానని రాసెయ్, జాలిపడి ఇంకో నాలుగు రోజులు ఉండనిస్తారు అనేది. ఒంటరిగా, అని నొక్కింది పెద్దది. వృత్తి. చెవి డాక్టరమ్మ దగ్గర వినికిడి పరీక్షలు చెయ్యడం. దానికి వాళ్ళ దగ్గర మాట లేదు, ఇతరములు అని ఉంది, ఇతరములే నొక్కింది. ప్రయాణ ఉద్దేశం. బాణం గుర్తు నొక్కితే నాలుగు మాటలు కిందికి జారాయి, విహారం, వ్యాపారం, వైద్యం, చదువు. మా చెల్లెలో కాదో చూసి రావడానికి అన్న మాట ఎందుకుంటుంది వాళ్ళ దగ్గర? విహారమే గతి. చిన్నది కూడా విహారమనే రాసి ఉంటుంది, ఇక్కడ కూర్చునే, ఈలపాట పాడుకుంటూ. ఆ విహారం దానికింకా పూర్తికాలేదు. ఇలా అనుకుంటూ చెయ్యి ఆపిందో లేదో తెర మధ్యలో తెల్లటి గడి ఒకటి పైకి లేచింది. మీరు ఇంకా అక్కడే ఉన్నారా? కింద రెండు బటన్లు, ఉన్నాను, లేను. కాసేపు కదలకపోతే పేజీ మూసేస్తామని చెప్పడానికి వాళ్ళు చేసుకున్న ఏర్పాటు అది, ఏ బ్యాంకు పేజీలోనైనా ఉండేదే. కానీ లేను అని నొక్కేవాళ్ళెవరు? ఈ ప్రశ్న ఆమె ఆరేళ్ళుగా ఆ దిక్కుకేసి అడుగుతూనే ఉంది, బస్సు కిటికీలోంచి, స్నానాల గదిలో, అద్దంలో తల దువ్వుకుంటూ, నువ్వింకా అక్కడే ఉన్నావా అని. ఏనాడూ పలుకు లేదు. ఇవాళ ఆ ప్రశ్న అక్కణ్ణుంచి ఇటు వచ్చింది. ఉన్నాను, అని నొక్కింది.

ఆ గొంతు మొదటిసారి విన్నది తను పనిచేసే ఆసుపత్రిలో, అన్నాల వేళ. డాక్టరమ్మ ఒక చేత్తో చెంచా, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, "ఇదేం భాషో చెప్పు చూద్దాం" అంది. చెవుల డాక్టర్లూ మాటల డాక్టర్లూ కలిసి పెట్టుకున్న గ్రూపులో ఎవరో పంపారట. చిన్నది వెళ్ళిన దేశంలోనే ఒక ఆసుపత్రిలో ఊరూ పేరూ తెలియని ఆడమనిషి ఉంది. ఎప్పుడో రోడ్డు పక్కన తలకి దెబ్బతో దొరికింది, అక్కడికీ ఇక్కడికీ మారుస్తూ వచ్చారు. మాటా పలుకూ లేదు. గదిలోంచి బయటికి తీసుకెళ్ళేటప్పుడు మాత్రం, సరిగ్గా గుమ్మం దాటుతుండగా, ఏదో ఒక్క మాట అంటుంది. ఏ భాషో తెలిస్తే చెప్పి పుణ్యం కట్టుకోండి. డాక్టరమ్మ ఫోను నొక్కింది. చక్రాల కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఎవరివో చెప్పులు, ఆ తరవాత ఆ మాట, ఆ తరవాత చాలాసేపు ఏమీ లేదు, ఏదో మిషను హుమ్మంటున్న ఖాళీ, అంతటితో సరి. "నాకైతే అచ్చెల్దా అన్నట్టుంది, ఏ దేశపు మాటో" అంది డాక్టరమ్మ. పెద్దదాని నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

ఇంట్లోంచి అడుగు బయట పెడుతూ మనవాళ్ళెవరూ వెళ్తా అనరు. వెళ్ళొస్తా అంటారు. ఇదెవరూ కూర్చోబెట్టి నేర్పరు, పాలతోపాటు వంటబట్టేదే. చిన్నదానికి మాత్రం ఆ మాట తిరగబడి వంటబట్టింది. మాటలొచ్చిన నాటినుంచీ వచ్చెళ్తా అనేది. బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడి, అమ్మా వచ్చెళ్తా. మొదట్లో ఇంటిల్లిపాదీ విరగబడి నవ్వారు, నాన్నయితే పక్కింటివాళ్ళని పిలిచి మరీ అనిపించేవాడు. ఎదిగాక కూడా మానలేదు, కావాలనే అనేదో, నాలుక అలా తిరిగిపోయిందో ఆ మహాతల్లికే తెలియాలి. అమ్మ మాత్రం ఒక్కరోజు ఊరుకుంటే ఒట్టు. వంటింట్లోంచే కేకేసేది, వచ్చెళ్తా కాదే, వెళ్ళొస్తా అను. చిన్నది చెప్పులేసుకున్నా సరే, మెట్లు దిగేసినా సరే, వెనక్కొచ్చి గుమ్మంలోంచి తల పెట్టి, వెళ్ళొస్తాఆ అని వెటకారంగా దీర్ఘం తీసేది. ఆఁ, అదీ, అనేది అమ్మ. అప్పుడు కదిలేది. బడికీ అంతే, కాలేజీకీ అంతే, ఉద్యోగానికీ అంతే. ఆ తంతు అయితే గానీ ఆ ఇంట్లో తెల్లారినట్టుండేది కాదు. దాని మీద నాన్న ఎన్ని జోకులేసేవాడో, మన ఇంట్లో గడియారం పనేముంది, చిన్నదాని తప్పు ఉంటే చాలు అనేవాడు. నాన్న చిన్నది వెళ్ళకముందే పోయాడు. ఒకందుకు అదే నయమైంది.

"నా చెల్లెలు మేడం" అంది పెద్దది ఆ రోజు డాక్టరమ్మతో. అనేసి, తన గొంతు తనకే కొత్తగా వినబడి బెదిరింది. డాక్టరమ్మకి చిన్నది తప్పిపోయిన కథంతా తెలుసు, చెంచా కింద పెట్టి, మెల్లిగా, "నువ్వు రోజూ చూస్తున్నదే కదా తల్లీ. వినాలని మరీ ఆశగా కూర్చుంటే చెవి దానంతట అదే చప్పుడు పుట్టించుకుంటుంది" అంది. నిజమే. పెద్దది చేసే పనే అది. బయటి చప్పుడు రాకుండా నురుగుపలకలు అతికించిన చిన్న గది, తలుపు మూస్తే ఎవరి ఊపిరి వాళ్ళకే పెద్దగా వినిపిస్తుంది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి బటన్ ఇచ్చి, బీప్‌మని వినబడినప్పుడల్లా నొక్కండి అని చెప్పి, అద్దానికి ఇవతల ఈమె కూర్చుంటుంది. వాళ్ళు నొక్కితే ఇక్కడ ఎర్రదీపం వెలుగుతుంది. ఈమె ఏ చప్పుడూ పంపకుండానే దీపం వెలిగిన సందర్భాలు కొల్లలు. ఒక ముసలాయన చప్పుడు లేని చోటల్లా నొక్కి, ఉన్నచోట వదిలేసి, బయటికొచ్చి, మధ్యలో ఎవరో పిలిచారమ్మా అన్నాడు నమ్మకంగా. అందుకే ఒకసారి నొక్కితే లెక్కలోకి రాదు, మళ్ళీ వినిపించాలి, మళ్ళీ నొక్కాలి, అప్పుడే విన్నట్టు. మరి ఆ ముక్క తను ఎన్నిసార్లు వింది! ఒకసారి వచ్చెళ్తా. ఇంకోసారి వెళ్ళొస్తా, అంటే మనభాష తెలిసిన ఆడమనిషి ఎవరైనా కావచ్చు. మరోసారి అసలు మాటే కాదు, నొప్పికి మూలిగినట్టు ఉంది. అందరూ వెళ్ళిపోయాక ఒక సాయంత్రం ఆ గదిలోనే తలుపేసుకుని వింది. ఆ చివరి ఖాళీతో సహా కంఠతా వచ్చేసింది, హుమ్మని మిషను, ఎక్కడో కుళాయి చుక్క, తలుపు స్ప్రింగు మూలిగిన చప్పుడు, ఆఖరు. తరవాత ఇంకేం తోచిందో, ఖాళీ గదిలో హెడ్‌ఫోన్లు కుర్చీ మీద పెట్టి, బటన్ పక్కన పెట్టి, తలుపు మూసి, ఇవతలికొచ్చి ఆ గొంతుని లోపలికి పంపింది. ఎర్రదీపం వెలిగింది. ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. వైరు లూజయి ఉంటుందనుకుంది, బ్యాగు తీసుకుని తడబడుతూ మెట్లు దిగింది. మర్నాడు కరెంటు పనివాడు వచ్చి వైరంతా విప్పి చూసి, ఏ లోపమూ లేదు, బంగారంలా ఉందన్నాడు.

మీరు ఇంకా అక్కడే ఉన్నారా? ఉన్నాను బాబూ ఉన్నాను, చంపకు. రాక తేదీ, తరవాత పోక తేదీ. రాసి, ఆ రెండు గడులనీ చూస్తూ ఉండిపోయింది. ఏదో తేడాగా ఉంది, ఏమిటో అంతుపట్టలేదు ముందు. ఇంట్లో టికెట్ల గురించి మాట్లాడుకున్నంతసేపూ వెళ్ళే రోజు, వచ్చే రోజు అనుకున్నారు. ఇక్కడ రావడం ముందుంది, వెళ్ళడం తరవాత. అటువైపు నుంచి చూస్తే అంతే కదా మరి. వాళ్ళ గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళకి మనం వస్తాం, ఆ తరవాత వెళ్తాం. పర్యాటకులంటే వాళ్ళకి వచ్చెళ్ళేవాళ్ళు. అంటే చిన్నదానికి నాలుక తిరగకపోవడం కాదా అది? చెప్పులేసుకుని మనింటి గుమ్మంలో నిలబడి, మనింటి మనుషులతో, వచ్చెళ్తా అనేది. వచ్చాను, చూశాను, వెళ్తాను. ఈ కుర్చీ, ఈ బల్ల, ఈ అమ్మా నాన్నా, ఇవన్నీ దానికి ఎప్పుడూ అవతలి ఊరేనా? ఛ, ఇదేం ఆలోచన, పసిపిల్ల ముద్దుమాటకి ఇంత రాద్ధాంతమా అని తనని తనే కసురుకుంది. కసురుకుంది గానీ ఆలోచన వదల్లేదు, చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఆ దేశం వాళ్ళ పుస్తకాల్లో చిన్నది వచ్చినట్టు ముద్ర ఉంది. వెళ్ళినట్టు లేదు. పోలీసులు అదే చెప్పారు, రాయబార కార్యాలయం వాళ్ళు అదే చెప్పారు, ఎంత అరిచి గీపెట్టినా ఆ ఒక్క ముక్కే చెప్పారు, వచ్చింది, వెళ్ళలేదు. తోటి ఉద్యోగులు ఊరు చూసుకుని తిరుగు ప్రయాణానికి బస్సెక్కుతుంటే, గొడుగు గదిలో మర్చిపోయా, మీరు ఎక్కండి అని హోటల్లోకి పరిగెత్తిందట. గొడుగు గదిలో లేదు. చిన్నదీ లేదు. వచ్చెళ్తా అన్న మాటలో సగం అయిపోయి సగం మిగిలిపోయింది.

చిన్నది బయల్దేరిన రోజు ఆ తంతు జరగలేదు. కింద టాక్సీ వాడు హారన్ కొడుతున్నాడు. వంటింట్లో కుక్కరు కూస్తోంది. చిన్నది గుమ్మంలో నిలబడి, అమ్మా వచ్చెళ్తా, అంది. లోపల్నుంచి కేక రాలేదు. చిన్నది ఒక చెప్పు వేసుకుని రెండోది వేసుకోకుండా, నవ్వు మొహంతో, చెవి రిక్కించి, కాసేపు అలాగే నిలబడింది. తరవాత నవ్వు తీసేసి, రెండో చెప్పు వేసుకుని దిగిపోయింది. అమ్మ చెవులు అప్పటికే మందగించాయని, ఊళ్ళోవాళ్ళందరి చెవులూ పరీక్ష చేసే కూతురికి తెలియకపోవడం ఏమిటో, ఆ సిగ్గు ఎక్కడ దాచుకోవాలో ఆమెకి తెలియదు. పరధ్యానం అనుకున్నారు. వయసు అనుకున్నారు. మిషను పెట్టించింది తరవాతెప్పుడో, వినాల్సినవన్నీ అయిపోయాక. చిన్నది అలా అని వెళ్ళిందని పెద్దదే నోరు జారి చెప్పింది ఒకసారి, అమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూనే ఉంది చాలాసేపు. ఆ తరవాత ఆ ఇంట్లో బయటికెళ్ళేవాళ్ళు చెప్పకుండానే వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. ఇద్దరే కదా మనుషులు, చెప్పడానికి పెద్ద పనేముంది? అయినా కొన్నిసార్లు పెద్దది తాళం తీసుకుని ఇంట్లోకి అడుగుపెట్టేసరికి, ఎవరో ఇప్పుడే వచ్చి వెళ్ళినట్టు గుమ్మం దగ్గర గాలి తేడాగా ఉండేది. చెప్పుల స్టాండులో చిన్నదాని చోటు ఖాళీగానే ఉండేది, ఊడ్చకపోయినా దుమ్ము పట్టేది కాదు. అమ్మ తుడుస్తోందేమో అనుకుంది. అమ్మ, నువ్వు తుడుస్తున్నావేమో అనుకున్నానే అంది.

ఇక మిగిలినవి రెండే, ఫోటో ఒకటి, ప్రశ్న ఒకటి. ఆ ప్రశ్న దగ్గరికి ఇందాకే వచ్చి, చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుని, ఖాళీగా వదిలేసి ముందుకెళ్ళింది. మీ కుటుంబ సభ్యులు ఎవరైనా ప్రస్తుతం మా దేశంలో ఉన్నారా? ఉన్నారు. లేరు. ఆ దేశపు ఆసుపత్రిలో ఒక సహాయకురాలు దొరికింది, మంచిదే పాపం, ఫోన్లో భాషలు మార్చుకుంటూ ఇద్దరూ ఉత్తరాలు నడిపారు. రోగుల ఫోటోలు పంపడానికి మాకు వీల్లేదు, మీరే వచ్చి చూడాలి అంది. నెలాఖరుకి ఆ రోగిని ఎక్కడో దూరాన ఉన్న శాశ్వత సంరక్షణ కేంద్రానికి మార్చేస్తారు, అక్కడికి బయటివాళ్ళని రానివ్వరు, ఈలోపు రండి అంది. చివర్న ఇంకో మాట కూడా రాసింది, మీ దరఖాస్తులో ఏం చెప్పారో దాన్నే మావాళ్ళు పట్టుకుంటారు, చూసుకోండి. లేరు అని రాసి వెళ్ళి, ఈమె మా చెల్లెలంటే, మీకు ఎవరూ లేరని మీరే రాశారుగా అంటారు, చెయ్యి పట్టుకోనివ్వరు. ఉన్నారు అని రాసి, వెళ్ళి చూస్తే ఎవరో పరాయి మనిషైతే, అబద్ధం రాసిందని ముద్ర వేసి పంపుతారు, మళ్ళీ ఆ దేశం గడప తొక్కనివ్వరు. అప్పుడు చిన్నది నిజంగా అక్కడే ఇంకో మూల ఉంటే? వినబడిందా లేదా, నొక్కాలా మానాలా. జీవితమంతా అద్దానికి ఇవతల కూర్చుని ఇంకొకళ్ళు నొక్కుతుంటే చూసింది. ఆ చిన్న గదిలో కూర్చుంటే ఇలా ఉంటుందని ఏ రోజూ అనుకోలేదు. అమ్మకి వినిపిద్దామని ఎన్నిసార్లు ఫోను పట్టుకెళ్ళినా అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఒకసారి ఏడ్చి ఊరుకున్నానే. మళ్ళీ మొదట్నుంచి ఏడవడం నా వల్ల కాదు" అంది. పొద్దున కూడా అదే మాట అంది, మిషను తీసేసింది.

ఫోటో దగ్గర వాళ్ళు ఒప్పుకోలేదు. స్టూడియోలో తీయించుకున్నదే, తెల్లటి గోడ, నున్నటి వెలుతురు. మీ వెనక నీడ ఉంది. పెద్దది తెర మీదికి వంగి, కళ్ళు చికిలించి చూసింది, ఏ నీడా లేదు. మళ్ళీ పెట్టింది. మీ వెనక నీడ ఉంది. ఇంకోసారి పెడితే, మీ వెనక నీడను తొలగించి మళ్ళీ రండి అంది ఆ దిక్కుమాలిన తెలుగు. తల ప్రాణం తోకకొచ్చి, లేచి లోపలికెళ్ళి అమ్మ భుజం తట్టింది. మాటలూ సైగలూ కలిపి, ఫోటో తియ్యాలి, ఈ గుండ్రం నొక్కితే చాలు అని ఫోను చేతిలో పెట్టింది. "ఆ డబ్బా నా చేతికిస్తే నాకేం తెలుసే, ఏ చెవో మెడో తీస్తాను" అని గొణుక్కుంటూనే అమ్మ లేచింది. కిటికీ ఎదురుగా తెల్లగోడకి ఒకడుగు ముందు నిలబడింది పెద్దది. నవ్వకూడదు. నోరు మూసుకోవాలి. తిన్నగా చూడాలి. అమ్మ ఫోను మొహానికి ఎదురుగా పెట్టుకుని, అటూ ఇటూ సర్ది, సర్దడం ఆపేసింది.

"అలా చూడకే" అంది.

ఎలా, అన్నట్టు కనుబొమలెగరేసింది పెద్దది.

"అలాగే. ఫోటో తీస్తుంటే అది అలాగే చూసేది. పొద్దస్తమానం పకపకలాడుతూ తిరిగేదా, ఫోటో అనగానే బిగుసుకుపోయేది. నువ్వే నవ్వేదానివి." అమ్మ గుండ్రం నొక్కింది. నొక్కి, ఫోను కిందికి దించకుండా, అందులోకే చూస్తూ, ఎదుటి మనిషితో కాకుండా ఆ బొమ్మతో చెప్పినట్టు చెప్పింది. "నాకు వినబడలేదే ఆ రోజు. వినబడి ఉంటే వెనక్కి పిలవనా? నేను పిలవకపోతే అది ఎలా వస్తుంది?" ఆరేళ్ళలో అమ్మ నోట ఆ మాట రావడం అదే మొదలు. నీ తప్పేం లేదమ్మా అని పెద్దది అన్నా అమ్మకి వినబడేది కాదు. అమ్మ వెళ్ళి కిటికీ గట్టు మీద మిషను తీసుకుంది. చెవిలో సర్దుకుంటుంటే అది ఎప్పట్లాగే కుయ్యిమని సన్నగా ఈల వేసి ఊరుకుంది. "ఏదీ, వినిపించు" అంది.

ఈ ఫోటోకి వాళ్ళు అభ్యంతరం చెప్పలేదు. అమ్మ బఠాణీల గిన్నెతో సహా వచ్చి బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది, చేతులు ఊరుకోలేవు ఆవిడకి, ఒక కాయ తీసుకుని చీల్చింది. పెద్దది ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది. చక్రాల కుర్చీ కిర్రుమంది. ఎవరివో చెప్పులు. ఆ తరవాత ఆ మాట.

"వచ్చెళ్తా కాదే, వెళ్ళొస్తా అను" అంది అమ్మ.

ఆలోచించి అన్నది కాదు. కాయలోంచి కళ్ళు ఎత్తలేదు కూడా. వంటింట్లోంచి గుమ్మం దాకా వినబడాలన్నట్టు, కేకేసినట్టే అంది. అనేశాక ఏమన్నదో తనకే తెలిసి, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది, చేతిలో కాయ సగం చీలి ఉంది. ఫోను ఇంకా ఆగలేదు. ఆ ఖాళీ నడుస్తోంది, కంఠతా వచ్చిన ఖాళీయే. హుమ్మని మిషను. ఇప్పుడు కుళాయి చుక్క. ఇప్పుడు తలుపు స్ప్రింగు. ఇక్కడితో ఆఖరు. ఆఖరు కాలేదు. కుర్చీ చక్రాలు మళ్ళీ కిర్రుమన్నాయి, అటు వెళ్తున్నది ఆగి వెనక్కి తిరిగినట్టు. తరవాత చాలా దగ్గర్నుంచి, గుమ్మంలోంచి తల పెట్టి అన్నట్టు, కాస్త వెటకారంగా, దీర్ఘం తీసి ఒక మాట వినబడింది. వెళ్ళొస్తాఆ.

"ఆఁ, అదీ" అంది అమ్మ. ఎన్నాళ్ళనుంచో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు వదిలి, సగం చీలిన కాయలోంచి గింజలు గిన్నెలోకి రాల్చింది.

మీరు ఇంకా అక్కడే ఉన్నారా? తెర మీద తెల్లటి గడి ఎప్పుడు లేచిందో పెద్దది చూడలేదు. ఉన్నాను, అని నొక్కింది. గడి తొలగి, వెనక ఆ ఒక్క ప్రశ్న మిగిలింది, ఉన్నారు, లేరు. ఒకసారి వింటే లెక్కలోకి రాదు, మళ్ళీ వినిపించాలి, మళ్ళీ నొక్కాలి, అదే పద్ధతి, ఇన్నేళ్ళుగా ఎందరికో తనే చెప్పింది. ఆమె వేలు ఫోను దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. అమ్మ మిషను పెట్టుకున్న చెవి ఫోను వైపు తిప్పి, కళ్ళు మూసుకుని, చిన్నగా నవ్వుతూ కూర్చుని ఉంది. పెద్దది ఫోను జోలికి పోలేదు. వేలు వెనక్కి తీసుకుని, ఉన్నారు అన్న బటన్ నొక్కింది.